విజయనగరంలో వసంతం: ఉన్నది ఒక్క సాయంత్రమైతే హరికథకా, కచేరీకా, నాటికలకా?

మార్చి సగానికి వచ్చిందంటే చాలు, విశాఖపట్నం మధురవాడ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేస్తాడు. "మావయ్యా, శనివారం సాయంత్రం ఒక్కటే ఖాళీ. ఆఫీసులో హైదరాబాద్ వాళ్లిద్దరు ఉన్నారు, మీ ఊరు చూస్తామంటున్నారు. ఏం చూపించమంటావు?"

కొన్నాళ్లు నేను "దసరా వెళ్లాక సిరిమానుకి తీసుకురారా, ఇప్పుడేం ఉంది" అని దాటేసేవాణ్ణి. అది తప్పుడు జవాబని తర్వాత తెలిసొచ్చింది. విజయదశమి వెళ్లిన తొలి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారి చివర కూచుని ఊరేగే పొడవాటి మాను, తిరిగేటప్పుడు ఊరంతా జనమే. కొత్తవాళ్లకి కనిపించేది మాను కాదు, ముందు నిలబడ్డవాళ్ల వీపులు. ఫాల్గుణం చివర్నుంచి చైత్రం గడిచేదాకా ఆ తొక్కిడి ఉండదు. 2011 లెక్కల ప్రకారం 2 లక్షల 28 వేల జనాభా ఉన్న ఊరు ఇది. ఇక్కడ వసంతం అంటే ఒకేచోట జరిగే పెద్ద ఉత్సవం కాదు. ఈ వీధిలో పందిరి, ఆ హాల్లో నాటిక పోటీ, ఇంకోచోట ముప్ఫై మంది వినే వయొలిన్. చిక్కేమిటంటే, ఇవన్నీ సాయంత్రం వేళే జరుగుతాయి. ఒకదానికి వెళ్తే మిగతావి పోయినట్టే.

అందుకే ఈ పోలిక. ఏది గొప్ప కళ అన్న వాదన జోలికి వెళ్లను, అది పెద్దవాళ్లకి వదిలేద్దాం. నేను చూసేది ఒక్కటే: నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చా? నవ్వకండి. కొత్తవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చడానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

ముందు క్యాలెండర్

ఉగాది ఏటా ఒకే తేదీన రాదు కాబట్టి ఈ కార్యక్రమాలన్నీ దాని వెంటే జరుగుతుంటాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో 2027లో మళ్లీ ఏప్రిల్‌లోకి జరుగుతుంది. ఈ ఇరవై రోజుల తేడా చిన్నది కాదు. ఉగాది ముందుగా వచ్చిన ఏడు పదో తరగతి, ఇంటర్ పరీక్షలు అడ్డం పడతాయి. పిల్లలున్న ఇళ్లలోంచి ఎవరూ కదలరు, మైక్ పెట్టాలంటే కమిటీవాళ్లూ వెనకాడతారు. ఆలస్యంగా వచ్చిన ఏడు పరీక్షలు అయిపోతాయి గానీ ఎండ ముదురుతుంది, పైగా ఐపీఎల్ మంచి ఊపులో ఉంటుంది. హరికథ పందిరి పక్కన టీ కొట్టులో ఫోన్ చుట్టూ మూగిన గుంపు, పందిట్లో ఉన్న గుంపు కంటే పెద్దదిగా ఉండటం నేను కళ్లారా చూశాను.

తిథులతో పని లేకుండా వచ్చేవి రెండున్నాయి, రెండూ నాటకం వాళ్లవే. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. 2024లో ఏప్రిల్ 16న నాటకం, మర్నాడే శ్రీరామనవమి. అలాంటి జోడీ దొరికితే రెండ్రోజులు సెలవు పెట్టుకోండి, ఈ పోలిక చదవాల్సిన పనే ఉండదు.

హరికథ: అనుమానం ఉంటే ఇక్కడికే

నా ఓటు దాచుకోను. ఒక్క సాయంత్రమే ఉంది, వచ్చినవాళ్లకి ఈ కళలతో పరిచయం లేదు అంటే హరికథకే పంపిస్తాను. కథ, పాట, పద్యం, అభినయం, నృత్యం, హాస్యం అన్నీ ఒకే మనిషి చేస్తాడు. పాట తెలియనివాళ్లు కథ వింటారు, కథ ముందే తెలిసినవాళ్లు పాట వింటారు, రెండూ పట్టనివాళ్లు పిట్టకథకి నవ్వుతారు.

దీన్ని ఈ ఊళ్లోనే ఎందుకు వినాలి అంటే, దానికీ కారణం ఉంది. హరికథా పితామహుడని పిలిచే ఆదిభట్ల నారాయణదాసు బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఇక్కడే పేరు తెచ్చుకున్నారు. మద్రాసు నుంచి వచ్చిన ఒక భాగవతారు (హరికథకుడు) ఈ ఊళ్లో చెప్పిన కథ విని, తానూ చెప్పగలనని మొదలెట్టారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసి పాడేవారని 'పంచముఖి' అన్న మాట ఆయన పేరుతోనే వినిపిస్తుంది. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే, 1936 దాకా ఉన్నారు. సంగీత కళాశాలకి ఒక హరిదాసు ప్రిన్సిపాల్ కావడం అప్పట్లో ఎంతమందికి గొంతు దిగిందో గానీ, ఊరికి మాత్రం అది ఈనాటికీ గొప్పే.

ఎక్కడ వినాలన్నది రెండో ప్రశ్న. హాల్లో జరిగేది ఒకటి, రామనవమి పందిట్లో జరిగేది ఇంకొకటి. హాల్లో మైక్ బాగుంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, గంటన్నరలో ముగిస్తారు. కానీ కథ చెప్పే దాసుగారు జనం ముఖాలు చూసి కథ సాగదీయడం, కుదించడం అక్కడ కుదరదు. పందిట్లో ఆయనకి ఎదురుగా కూచునేది ముసలమ్మలు, చాపల మీద దొర్లే పిల్లలు. వాళ్లతోనే నడుస్తుంది కథ.

ఒకసారి చూసింది చెప్తాను. సీతాకల్యాణం నడుస్తోంది. దాసుగారికి అరవై దాటి ఉంటాయి. పట్టుపంచె, నడుముకి బిగించిన ఉత్తరీయం, మెడలో బంతిపూల దండ, కాళ్లకి గజ్జెలు, కుడిచేతిలో చిడతలు. జనకుడి కొలువు వర్ణిస్తుండగా కరెంటు పోయింది. మైక్ పోయింది, లైట్లు పోయాయి. కమిటీ కుర్రాళ్లు జనరేటర్ కోసం పరుగెత్తారు. ఈయన మాత్రం ఆగలేదు. చిడతల చప్పుడు తగ్గించి, రెండడుగులు ముందుకొచ్చి, పక్కవాయిద్యంలో వయొలిన్‌ని ఒక్క స్వరం మీద నిలబెట్టమని సైగ చేసి, "అమ్మా, మిథిలలో కూడా అప్పుడే దీపాలు పెట్టలేదు" అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. తర్వాత ఐదు నిమిషాలు ఆ చీకట్లో ఒట్టి గొంతుతో పాడాడు. చాప చివర పడుకున్న పిల్లాడు లేచి కూచున్నాడు. జనరేటర్ వచ్చి, కుయ్‌మని మైక్ అరిచేసరికి నా పక్కనున్న పెద్దాయన విసుక్కున్నాడు: "ఎందుకొచ్చిందిరా బాబూ ఇప్పుడు!"

లోపాలు లేకపోలేదు. ఆరింటికి అని కరపత్రం మీద వేసింది ఎనిమిదింటికి మొదలవడం మామూలే. మధ్యలో సన్మానాలు పెడతారు. ఒక పందిరివాళ్లు చందాదారుల పేర్లన్నీ చదివించడానికి శివధనుర్భంగం ముందు కథ ఆపించారు, విల్లు విరగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సౌండ్ బాక్సుల పక్కన కూచుంటే చెవులు గడియలు పడతాయి. కొందరు దాసులు జనాన్ని నిలబెట్టడానికి సినిమా బాణీలు దించుతారు. పిల్లలకి అది హుషారు, నాకు మాత్రం కాస్త బెంగ. వెళ్లేటప్పుడు రెండే గుర్తుపెట్టుకోండి. పోస్టర్ మీద ఎవరి ఫొటో పెద్దదో చూడకండి, పక్కవాయిద్యాల పేర్లు వేశారో లేదో చూడండి. వయొలిన్, మృదంగం వాళ్ల పేర్లు కూడా వేసే కమిటీ కథ మీద శ్రద్ధ ఉన్న కమిటీ. రెండోది, భాగవతారిణి పేరు కనిపిస్తే తప్పకుండా వెళ్లండి. ఆడవాళ్లు చెప్పే హరికథలో సీత వైపు నుంచి కథ కొంచెం వేరేగా వినిపిస్తుంది.

లేచి రావచ్చా? నిస్సంకోచంగా. పందిట్లో ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు అని ఎవరూ చూడరు. "శ్రీమద్రమారమణ గోవిందో హారి" అన్నప్పుడు "గోవింద" అనేసి లేచారంటే దేవుడూ ఏమీ అనుకోడు. పోతూ పోతూ పానకం గ్లాసు అడగండి, మిరియం ఘాటు సరిగ్గా పడిందో లేదో చూస్తే ఆ కమిటీ సంగతి అర్థమవుతుంది.

కచేరీ: వినేవాళ్లకి మాత్రమే

సంగీతం అలవాటున్న వాళ్లని హరికథకి పంపితే నొచ్చుకుంటారు, వాళ్లకి కచేరీయే. ఈ ఊరి పేరు చెప్పగానే వయొలిన్ వాళ్లకి ద్వారం వెంకటస్వామి నాయుడు గుర్తొస్తారు. కళాశాలలో చేరి నేర్చుకుందామని వచ్చిన 26 ఏళ్ల కుర్రాణ్ణి వాయించమని విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా చేర్చుకున్నారు. నారాయణదాసు తర్వాత ప్రిన్సిపాల్ కూడా ఆయనే. పాటకి పక్కవాయిద్యంగానే ఉన్న వయొలిన్‌ని వేదిక మధ్యలో ఒంటరిగా కూచోబెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. వారాలు చేసుకుని చదువుకున్న ఘంటసాల, సుశీల, ఇద్దరూ ఈ కళాశాల గుమ్మం దాటినవాళ్లే.

కాబట్టి ఎంచుకునే వీలుంటే గాత్రం కంటే వయొలిన్ సోలోకి వెళ్లండి. బయటినుంచి వచ్చిన పేరున్న విద్వాంసుడి కచేరీకా, ఇక్కడి విద్యార్థుల కచేరీకా అంటే చాలామంది మొదటిదానికే పరుగెడతారు. నేను రెండోదానికి వెళ్తాను. పేరున్నాయన్ని యూట్యూబ్‌లో ఎప్పుడైనా వినొచ్చు. మోహన రాగంలో గాంధార స్వరం మీద కాసేపు నిలబడి, తడబడి, గురువు వైపు ఓ చూపు చూసి, మళ్లీ అందుకునే పదిహేడేళ్ల పిల్లని యూట్యూబ్‌లో వినలేం. పైగా వీటికి టికెట్ ఉండదు.

ఇబ్బంది ఒక్కటే. హాల్లో ముప్ఫై నలభై మంది ఉంటారు, అందులో సగం వాయించేవాళ్ల బంధువులే. మీరు లేస్తే కుర్చీ కిర్రుమంటుంది, వేదిక మీదివాళ్లకీ కనిపిస్తుంది. తప్పదనుకుంటే ఒక కీర్తన ముగిసి చప్పట్లు పడుతుండగా కదలండి, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో మాత్రం వద్దు. మృదంగం మొదలవగానే టీకి లేచేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాటికల పోటీలు: ఒక్క రాత్రి, మూడు ఊళ్లు

ఇది అసలు పోలిక. మా ఇంట్లో హరికథ పక్షం నేను, నాటకం పక్షం మా ఆవిడ. ఆవిడ వాదన కూడా గట్టిదే. 1892 ఆగస్టు 13న కన్యాశుల్కం మొట్టమొదట రంగం ఎక్కిన ఊరిది. గురజాడ వారి ఇల్లు ఈనాటికీ ఉంది, పగటిపూట చూసి రావచ్చు. ఆ ఊళ్లో ఒక సాయంత్రం గడిపి నాటకం చూడకుండా పోతారా అంటుంది.

పరిషత్తు నాటిక పోటీలంటే తెలియనివాళ్లకి: ఒక్కో నాటిక గంట లోపు. రాత్రికి మూడు, కొన్నిచోట్ల నాలుగు. గుంటూరు వైపు నుంచి ఒక సమాజం, ఉత్తరాంధ్రది ఒకటి, తెలంగాణ నుంచి ఒకటి, ఇలా వస్తాయి. ఆడేవాళ్లు పగలు టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, కరెంటాఫీసు ఉద్యోగులు. రాత్రి వేదిక మీద మనకి కన్నీళ్లు పెట్టించి, తెల్లవారుజామున రైలెక్కి మళ్లీ ఆఫీసుకి పోతారు.

మీరు నాటిక కంటే ముందు ఒకటి చూడాలి: సెట్టు మార్చడం. తెర దించగానే లోపల సుత్తి దెబ్బలు మొదలవుతాయి. అప్పటిదాకా రైతు ఇల్లుగా ఉన్నది పావుగంటలో ఆసుపత్రి అవాలి. ప్లైవుడ్ తలుపొకటి తెర కింద నుంచి నడుచుకుంటూ పోతున్నట్టు కనిపిస్తుంది. మైక్‌లో వ్యాఖ్యాత దాతల పేర్లు చదువుతూ కాలక్షేపం చేస్తుంటాడు. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు చిన్న టార్చ్ వెలుగులో మార్కులు వేసుకుంటుంటారు. లోపలి నుంచి ఈల వినిపించగానే హాలు గప్‌చుప్.

మూడింట్లో ఏది చూడాలి? నా అనుభవంలో రెండోది. మొదటిది ఆడేటప్పటికి జనం ఇంకా వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్లు తెలిసినవాళ్ల కోసం మెడలు తిప్పుతుంటారు. మూడోది మొదలయ్యేసరికి ఆటో దొరుకుతుందో లేదో అన్న టెన్షన్. రెండోదానికి హాలు నిండి, కుదురుగా ఉంటుంది. ఆనంద గజపతి ఆడిటోరియంలాంటి పెద్ద హాలయితే మధ్య వరసల్లో కూచోండి. వెనక కూచుంటే మాట సరిగ్గా వినపడక నటుడి మీద కోపం తెచ్చుకుంటారు, తప్పు అతనిది కాదు.

ఈ నాటికల మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు వదిలేయడం, రైతు అప్పుల పాలవడం, కొడుకు అమెరికా నుంచి రాకపోవడం, మూడు రాత్రులు వరసగా చూస్తే కథలన్నీ ఒకే కుటుంబంలో జరిగినట్టుంటాయి. పోటీ కాబట్టి కన్నీళ్లకి మార్కులు పడతాయన్న నమ్మకం. హాస్య నాటిక ఉందని తెలిస్తే దాన్ని వదలొద్దు. మార్కులు రావని తెలిసీ ఆడుతున్నారంటే వాళ్లకి చెప్పాల్సిందేదో ఉన్నట్టే.

పద్యనాటకం సంగతి వేరు. హార్మోనియం మీద శ్రుతి పట్టి, పద్యం చివర రాగం తీస్తూ పోతుంటే, ముందు వరస పెద్దలు "వన్స్ మోర్" అంటే మళ్లీ మొదట్నుంచి పాడతారు. రాయబారం సీనులో కృష్ణుడు మూడోసారి అదే పద్యం అందుకుంటే హస్తినాపురం వాళ్లు ఓపికపట్టాల్సిందే. రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న నిబంధన వచ్చాక, ఆరుబయట తెల్లవార్లూ ఆడే నాటకం టౌన్‌లో కుదరని పని, రెండు మూడు సీన్లకి కుదించేస్తున్నారు. పద్యం చెవికి అలవాటున్న పెద్దవాళ్లు మీ వెంట ఉంటే నాటిక మానేసి దీనికే తీసుకెళ్లండి. లేకపోతే మొదటి రాగాలాపనలోనే మీ హైదరాబాద్ స్నేహితుడు ఫోన్ తీస్తాడు.

లేచి రావచ్చా అంటే, నాటికకీ నాటికకీ మధ్య రావచ్చు. నాటిక నడుస్తుండగా మాత్రం రావొద్దు, చీకట్లో ఎవరి కాలో తొక్కుతారు.

మరి హరికథా, నాటికా? వచ్చినవాళ్లకి తెలుగు బాగా వచ్చి, సినిమాలు, సిరీస్‌లు అలవాటుంటే నాటిక. తెలుగు అంతంతమాత్రం అయితే, పిల్లలుంటే, మరీ విదేశాల నుంచి వచ్చిన చుట్టాలైతే హరికథ. మాట తెలియకపోయినా గజ్జెల్ని అనుసరించి కథ అర్థమవుతుంది. నాటికలో మాట పోతే అంతా పోయినట్టే.

ఉగాది కవి సమ్మేళనం గురించి రెండు ముక్కలు

పొద్దున్న పంచాంగ శ్రవణం, ఉగాది పచ్చడి, ఆపైన కవి సమ్మేళనం. ఇరవై అయిదు మంది కవులు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలంటారు, ఒక్కొక్కరూ పది తీసుకుంటారు. కోయిల, మావిచిగురు, ఆరు రుచులు ఎన్నిసార్లు వచ్చాయో ఒకసారి లెక్కపెట్టి మానుకున్నాను. అయితే ప్రతి సమ్మేళనంలోనూ ఒక్కరు, చాలాసార్లు చివర్లో పిలిచే ఏ కొత్త కుర్రాడో, ఉత్తరాంధ్ర యాసలో ఒక కవిత చదువుతాడు. హాలంతా ఒక్కసారి నిటారుగా కూచుంటుంది. ఆ ఒక్కటి కోసం మూడు గంటలు కూచోగలనంటే వెళ్లండి. ముందే చెప్తున్నా, ఇక్కడ లేచి రావడం అసాధ్యం. వేదిక మీద మీకు తెలిసినవాళ్లుంటారు, మీరు వెళ్లడం వాళ్లు చూస్తారు, వచ్చే ఉగాది దాకా గుర్తుంచుకుంటారు.

పగలు ఖాళీగా ఉంటే: రామతీర్థమా, బొబ్బిలా?

రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఎండకి సొమ్మసిల్లుతారు, ఏదీ సరిగ్గా చూడరు.

రామతీర్థం దగ్గర, ఓ 12 కిలోమీటర్లు. నెల్లిమర్ల దాటి పోవాలి. రామాలయంతోపాటు చుట్టుపక్కల కొండల మీద బౌద్ధ శిథిలాలు, జైన విగ్రహాలు ఉన్నాయి. ఒకే చోట మూడు మతాల ఆనవాళ్లు పక్కపక్కనే చూడటం మామూలు సంగతి కాదు. శ్రీరామనవమి రోజు కల్యాణానికి జనం పోటెత్తుతారు. మొక్కు ఉంటే ఆ రోజే వెళ్లండి. కొండలు, శిల్పాలు చూడాలంటే మాత్రం నవమి దాటాక మామూలు రోజు, పొద్దున్న ఏడు లోపు వెళ్లండి. తొమ్మిది దాటితే రాళ్లు కాలుతాయి.

బొబ్బిలి 55 కిలోమీటర్లు, రాయగడ రైలు మార్గంలో ఉంది కాబట్టి రైల్లోనూ పోవచ్చు. ఊరి పక్కనే గొల్లపల్లి, బొబ్బిలి వీణలు పుట్టే చోటు. వీటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. సర్వసిద్ధి ఇంటిపేరువాళ్లు తరాలుగా ఈ పని చేస్తున్నారు. రెండింట్లో నన్ను ఏది అంటే బొబ్బిలే అంటాను, ఎందుకంటే గుడి ఎక్కడైనా ఉంటుంది, పనస దుంగ వీణగా మారడం అన్నిచోట్లా కనిపించదు.

ఉత్తరాంధ్రలో వసంతం అంటే పనసపొట్టు కూర. ఆవ పెట్టి చేస్తే ఆ పూట ఇంకో కూర అక్కర్లేదు. ఆ చెట్టు కాండమే గొల్లపల్లిలో వీణ. పనస చెక్క తేలిక, నాదం పట్టి ఉంచుతుంది, తేమకి తొందరగా వంగదు. కుండ, దండి (పొడవాటి మెడ), చివరన యాళి అనే మృగం తల అన్నీ ఒకే దుంగలోంచి తొలిచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేని వీణ అన్నమాట. పనివాళ్లు కింద కూచుని, దుంగని పాదాలతో అదిమిపట్టి, ఉలితో లోపల్నుంచి తొలుస్తారు. మధ్యమధ్యలో ఉలి పక్కన పెట్టి వేలి కణుపుతో కుండ మీద తడతారు. ఆ చప్పుడు విని, ఇంకా ఎంత తియ్యాలో తేల్చుకుంటారు. కొలబద్దతో కొలవడం నేను చూడలేదు. చివర్న మైనం కరిగించి పోసి, అందులో 24 మెట్లు నిలబెడతారు. ఒక్కో మెట్టూ స్వరానికి సరిపడేదాకా వేడి మైనంలో వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. అది చూడ్డానికే గంట పడుతుంది, ఎవరూ వెళ్లమనరు.

కొనాలా? వాయించడానికి కొనేవాళ్లయితే వాయించడం వచ్చినవాళ్లని వెంటబెట్టుకెళ్లండి, చెక్క మీద నగిషీ చూసి మోసపోకండి. జ్ఞాపికకైతే జానెడు వీణలు దొరుకుతాయి. బేరం మరీ లాగొద్దు.

తప్పెటగుళ్లు ఈ పోలికలో ఎక్కడా ఇమడవు, ఎందుకంటే వాటిని ముందే అనుకుని వెళ్లి చూడటం కష్టం. గంగమ్మ పండగలకి యాదవులు గుండెల మీద తప్పెటలు కట్టుకుని, గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి ఆడతారు. పల్లెదారిలో పోతుండగా ఆ రేకు చప్పుడు వినిపిస్తే, ఎంత ముఖ్యమైన పని ఉన్నా బండి ఆపండి. ఆ సాయంత్రానికి మిగతా ప్లాన్లన్నీ రద్దు.

ఎవరికి ఏది

చిన్నపిల్లలు, ముసలివాళ్లు కలిసి వస్తే వాదన లేదు, పందిరి హరికథే. చాప ఉంటుంది, పిల్లలు అలిగితే బయట పీచుమిఠాయి ఉంటుంది, పెద్దవాళ్లకి కుర్చీ అడిగితే ఎవరో ఒకరు లేచి ఇస్తారు. కాలేజీ కుర్రాళ్లయితే నాటికలు, రెండోది చూసి బయటపడమనండి. సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి ఒక్కతే వస్తే విద్యార్థుల కచేరీ, మర్నాడు గొల్లపల్లి. విదేశాల్లో పెరిగిన మనవలైతే ముందు పగలు వీణల పని చూపించి, సాయంత్రం హరికథకి తీసుకెళ్లండి. చేత్తో చేసేది ముందు చూస్తే, నోటితో చెప్పేది వినే ఓపిక వాళ్లకి వస్తుంది. నాకు వచ్చిన చుట్టాల్లో ఇద్దరి విషయంలో ఇది పనిచేసింది, ఒకడి విషయంలో పనిచేయలేదు. వాడు రెండుచోట్లా నిద్రపోయాడు.

ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ మీద ఆధారపడొద్దు. జిల్లా ఎడిషన్ పేపర్లో 'నేటి కార్యక్రమాలు' చూడండి, లేదా గంటస్తంభం చుట్టూ గోడల మీద పోస్టర్లు చదవండి. 1885లో కట్టిన ఆ స్తంభం గడియారం కంటే చుట్టుపక్కల పోస్టర్లే ఎక్కువ సమాచారం చెప్తాయి. తేదీ మాత్రం రెండుసార్లు చూసుకోండి. పోయినేటిది, ఇంకా చిరగని పోస్టర్ చూసి నేనే ఒకసారి ఖాళీ హాలుకి వెళ్లొచ్చాను.

ఇక రెండు రైళ్ల మధ్య గంటన్నరే ఉందనుకోండి. అప్పుడు హరికథా లేదు, నాటికా లేదు. స్టేషన్ బయట ఆటో ఎక్కి సంగీత కళాశాల దగ్గర దిగండి. క్లాసులు నడిచే వేళయితే లోపలికి కూడా వెళ్లక్కర్లేదు, గేటు పక్కన నీడ చూసుకుని నిలబడండి. ఒక గదిలోంచి సరళీ స్వరాలు, ఇంకో గదిలోంచి వయొలిన్, ఎక్కడో మృదంగం మీద తకధిమి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తాయి. మా మేనల్లుడి హైదరాబాద్ స్నేహితుల్లో ఒకాయన్ని పోయినసారి మా ఊళ్లో ఏది నచ్చిందని అడిగితే, ఆయన చెప్పింది ఆ గేటు సంగతే.